తలుపు దగ్గర అడిగే మాట

నాచారం
12 జూన్ 1989, సోమవారం

అక్కకు,

ప్రభువు దయవల్ల నేను బాగున్నాను. నువ్వూ బాగున్నావని నమ్మి ఈ ఇన్లాండు మొదలుపెడుతున్నాను.

నాచారం సంఘానికి వచ్చి పది వారాలైంది. గుడి అని పేరే గానీ అది పిండిగిర్ని వెనకాల రేకుల షెడ్డు. ఆదివారం గిర్ని బంద్ ఉంటుంది కాబట్టి మాట వినబడుతుంది. గోడలకు పట్టిన పిండి మాత్రం వారమంతా రాలినట్టే ఆదివారమూ రాలుతుంది. ఆరాధన అయ్యేసరికి పడుచువాళ్లకు కూడా తల నెరిసినట్టు కనిపిస్తుంది. నలభై యాభై మంది వస్తారు. అందరూ ఊళ్ల నుంచి ఫ్యాక్టరీ పనులకు వచ్చినవాళ్లే. ఆలేరు వాళ్లు ఒక మూల, మెదక్ వాళ్లు ఒక మూల, నల్లగొండ వాళ్లు తలుపు దగ్గర. ఒకరితో ఒకరికి మాట లేదు.

నిన్న తప్పిపోయిన గొర్రె మీద యాభై నిమిషాలు ప్రసంగించాను. మూడు అంశాలు, ఒక్కో అంశానికి మూడు ఉప అంశాలు, బైబిలు స్కూల్లో నేర్పినట్టే రాసుకొని చదివాను. దీవెన చెప్పి కళ్లు తెరిచేసరికి సగం మంది చెప్పులు వెతుక్కుంటున్నారు. రెండో షిఫ్టుకు పోయేవాళ్లు సరే. ఏ పనీ లేనివాళ్లు కూడా బస్సు వచ్చినట్టు ఉరికారు. లేతు మిషన్ మీద పనిచేసే పౌలు అని ఒకతను ఉన్నాడు. అతన్ని ఆపి ప్రసంగం ఎట్లా ఉందని అడిగాను. "మంచిగున్నది సార్, మస్తు పెద్దగున్నది" అన్నాడు. అందులో మెచ్చుకోలు ఎంతుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నన్ను ఇక్కడికి పంపిన పెద్దలు నాకు ఈ ఏడాది ఆఖరు దాకా గడువిచ్చారు. జనం నిలబడకపోతే షెడ్డు ఖాళీ చేసి, వీళ్లను వేరే గుడిలో కలిపేస్తారట. నన్ను ఎక్కడ కలుపుతారో చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం గదికి వచ్చి స్టవ్ ముట్టించుకుంటుంటే, ఇంతమందికి కాపరిని, నాతో కూర్చుని నాలుగు ముద్దలు తినే మనిషి ఒక్కరు లేరు కదా అనిపించింది.

నాయిన ప్రసంగానికి ఊరంతా కదలకుండా కూర్చునేదని అంటారు. నేను చిన్నవాణ్ని, నాకు గుర్తులేదు. నీకు గుర్తుంటుంది. ఏం చెప్పేవాడు? ఎట్లా చెప్పేవాడు?

నీ తమ్ముడు
ఆశీర్వాదం

—

జనగామ
21 జూన్ 1989

తమ్ముడు ఆశీర్వాదానికి అక్క సువార్తమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదువుతుంటే నీ ప్రసంగం విన్నట్టే ఉంది, మధ్యలో రెండుసార్లు ఆవులింత వచ్చింది. మూతి ముడవకు. అమ్మ పోయేనాటికి నీకు నాలుగేళ్లు, చంకనేసుకొని పెంచాను. నిన్ను నేను అనకపోతే ఎవరంటారు?

అంశాలూ, వాటి కింద ఉప అంశాలూ నాయినకు తెలియవు. ఊరి ఉపదేశి, చదివింది ఐదో తరగతి. నువ్వు చెప్పిన ఆ గొర్రె సంగతే నాయిన చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. గొల్ల కొమురెల్లి గుడి లోపలికి వచ్చేవాడు కాదు, బయట కిటికీ దగ్గర గోడకు ఆనుకొని వినేవాడు. నాయిన చదవడం ఆపి కిటికీలోంచి అతన్నే అడిగాడు. "ఏం కొమురెల్లీ, మందల ఒక గొర్రె తప్పిపోయిందని నీకెట్ల తెలుస్తది? రోజూ లెక్కవెడ్తవా?"

కొమురెల్లి నవ్వాడు. "లెక్క నాకేడొస్తది అయ్యగారూ? అరుపు తక్కువైతది. గంతే."

నాయిన బైబిలు మూసేశాడు. మా వైపు తిరిగి, "మరి ఇయ్యాల ఈ మందల ఎవల అరుపు తక్కువైంది?" అన్నాడు. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. సిద్దయ్య తాత లేడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది ఆయనే. నాయిన దీవెన కూడా చెప్పకుండా మమ్మల్నందరినీ వెంటబెట్టుకొని ఆయన ఇంటికి నడిచాడు. మూడు రోజుల నుంచి జ్వరంతో, నీళ్లిచ్చే దిక్కులేక పడి ఉన్నాడు. ఆనాటి ప్రసంగం అంతే, పది నిమిషాలు కూడా లేదు.

నువ్వు నీవాళ్లకు గొర్రె గురించి చెప్పావు. వాళ్లను ఏమీ అడగలేదు. అడుగు.

ఇంకోటి, పిడికెడు బియ్యం మొదలుపెట్టించు. ఎసట్లో పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి ఆదివారం గుడికి తెచ్చేది నీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడా తెస్తాం. గోనెసంచిలో పోసి వస్తాం, తర్వాత అవి ఎవరు తింటారో తెలియదు. నాయిన మాత్రం అక్కడే వండించి అందరినీ కూర్చోబెట్టేవాడు.

నా సంగతులు ఏమున్నాయి. రైల్వే క్వార్టరు ఖాళీ చేసినప్పటి నుంచి ఈ గదిలోనే. వానకు కురవదు, అది చాలు. పక్క గదిలో శంకరమ్మ స్టేషన్ ఊడవడానికి పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తుంది. జాకెట్లు కుడుతున్నాను. వచ్చే అక్టోబరు పదిహేనుకు మీ బావ పోయి రెండేళ్లు. ఆయన ఉన్నన్నాళ్లు గుడిలో నన్ను గ్యాంగ్‌మన్ భార్య అని గుర్తుపట్టేవాళ్లు. ఇప్పుడు ఏమని గుర్తుపట్టాలో వాళ్లకూ తెలియదు పాపం. వెనక బల్ల మీద కూర్చుంటాను, పాడతాను, వస్తాను.

నవ్వొచ్చే ముచ్చట ఒకటి చెబుతా విను. గుడి నుంచి వచ్చి తాళం తీసి, గడపలో నిలబడి, "తిన్నవా సువార్తమ్మా?" అని నేనే అడుగుతాను. "ఇంకెక్కడ, ఇప్పుడే వచ్చిన" అని నేనే చెబుతాను. మీ బావ అట్లా అడిగేవాడు. ఎవరూ అడగకుండా లోపలికి పోతే పరాయి ఇంట్లోకి పోయినట్టుంటుంది. ఎవరన్నా వింటే పిచ్చిదంటారు. నవ్వుకొని మరిచిపో.

ఇట్లు
అక్క సువార్తమ్మ

—

నాచారం
10 జూలై 1989

నా అక్కకు, సంతోషంతో రాసే ఉత్తరం.

నిన్న ఏం జరిగిందో చెప్పకుండా ఉండలేను. రాసుకున్న కాగితాలు ముందరే ఉన్నాయి. మొదటి పేజీ చదవగానే ఎప్పటిలాగే తలలు వాలడం మొదలైంది. ఎందుకో ఆపేశాను. కాగితాలు మడిచి బైబిల్లో పెట్టి, మన ఊళ్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడాను. కొమురెల్లి మాట చెప్పాను. తర్వాత, "నాకు తెలిసిన ఒక ఆమె ఉన్నది" అన్నాను. "గుడికి పోతది, పాటలు పాడుతది, అందరితోని ఆమెన్ అంటది. ఇంటికొచ్చి తాళం తీసి, తిన్నవా అని తననే అడుగుతది, తనే చెప్తది. మన నడుమ కూసున్నదే అసొంటి ఆమె. మనం అడగలే." నీ పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. ఇంక ఏం చెప్పాలో తెలియక అక్కడే ఆపేశాను.

ఎవరూ లేవలేదు అక్కా! చెప్పుల కోసం ఒక్కరూ వెతకలేదు. కాసేపటికి బిస్కెట్ల ప్యాకింగులో పనిచేసే సారమ్మ, మెదక్ మూల నుంచి లేచి ఆలేరు మూలకు వచ్చింది. అక్కడ పౌలు వాళ్ల అమ్మ మార్తమ్మ కూర్చుని ఉంది. వంగి, "తిన్నవా పెద్దమ్మా?" అని అడిగింది. ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం పౌలు నా గదికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మా అమ్మ ముచ్చట గుళ్లె చెప్తవా సార్? నలుగుట్ల మా ఇజ్జత్ తీస్తవా? నేనూ నా పెండ్లాం షిఫ్టులకు పోతె ఆమె ఒక్కతె ఉంటది, నిజమే. గోడలతోని మాట్లాడుతదని నీకెవలు చెప్పిన్రు?" అన్నాడు. నేను మీ అమ్మ గురించి చెప్పలేదయ్యా అంటే నమ్మడు. ఇవాళ పొద్దున ఉప్పలయ్య వచ్చాడు, వరంగల్ బస్సు కండక్టరు. తన వదిన గురించే చెప్పానని అతను అనుకున్నాడు. సారమ్మ తన గురించే అనుకుందట. అది ఒక్కరి మాట అనుకున్నాను అక్కా, షెడ్డులో సగం మందిదట. ఎవరికి వాళ్లు తమ ఇంటి సంగతే బయట పడిందనుకున్నారు. పక్కవాళ్ల ఇంటి సంగతి అనుకున్నవాళ్లు పోయి తలుపు తట్టారు.

నాయిన చెప్పినట్టు చెప్పానా? నీవల్లే.

నీ ఆశీర్వాదం

—

జనగామ
18 జూలై 1989

తమ్మునికి దీవెనలు.

ఇన్లాండు లేదు, కార్డే రాస్తున్నాను. నీ జనం లేవకుండా కూర్చున్నందుకు సంతోషం. మార్తమ్మకు నా వందనాలు చెప్పు. అడిగేవాళ్లు దొరికారు, ఆమె అదృష్టం. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. నేను తిన్నాను.

సువార్తమ్మ

—

నాచారం
7 ఆగస్టు 1989

అక్కకు ప్రేమతో,

నీ కార్డు అందింది. నీకూ సంతోషమైందని తెలిసి నాకు కొండంత బలం వచ్చింది.

ఇప్పుడు మా షెడ్డును నువ్వు చూడాలి. మూలలు పోయాయి. ఎవరు ఏ వైపు వాళ్లన్నది ఎవరికీ పట్టడం లేదు. ప్రసంగం మొదలుపెట్టే ముందు, "ఎవల అరుపు తక్కువైంది?" అని అడుగుతాను. అందరూ చుట్టూ చూసుకొని పేర్లు చెబుతారు. ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆ ఇళ్లకు పోతారు. పోయిన వారం ఇట్లాగే పోయి, మల్లాపూర్‌లో ఒకతను మిషన్లో చెయ్యి పడి ఇంట్లో ఉన్నాడని తెలుసుకొని, దవాఖానాకు తీసుకుపోయారు. పిడికెడు బియ్యం కూడా మొదలైంది. నువ్వు చెప్పినట్టే గోనెసంచిలో దాచకుండా అక్కడే వండుతున్నాం. రకరకాల బియ్యం కలిసేసరికి సగం మెత్తగా, సగం పలుకుగా ఉడుకుతుంది. మార్తమ్మ గరిటె పట్టుకుంటే ఎవరూ వంక పెట్టరు. పౌలు ఇప్పుడు నా మీద కోపంగా లేడు, పాటలు తనే ఎత్తుకుంటున్నాడు.

పెద్దలు వచ్చి చూసి వెళ్లారు. షెడ్డు ఖాళీ చేసే మాట ఎత్తలేదు.

ఒక్క చిక్కు ఉంది. జనం ఇప్పుడు అటువంటి ముచ్చట్లే కావాలంటున్నారు. పుస్తకంలోవి చెబితే మళ్లీ ఆవులిస్తున్నారు. నీ దగ్గర ఇటువంటివి ఇంకా చాలా ఉంటాయి కదా. బావ పోయాక నువ్వు పడ్డవి, నీకు అనిపించినవి, తోచినప్పుడల్లా రాసి పంపు. పేరు చెప్పను, నమ్ము. జనగామ రావాలని నాకూ ఉంది. ఆదివారం వదలలేను, మిగతా రోజులు ఇళ్లు తిరగడానికే సరిపోవడం లేదు. క్రిస్మస్ తర్వాత చూద్దాం.

నీ తమ్ముడు
ఆశీర్వాదం

—

జనగామ
19 ఆగస్టు 1989

ఆశీర్వాదానికి,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. ఇది నాలుగోది, దీన్ని చింపను.

నేను నీకు ఆ మాట రాసింది నువ్వు నా తమ్ముడివని. ఒక నవ్వు ముక్క లాగా రాశాను, ఎందుకంటే ఏడుపు ముక్క లాగా రాస్తే నువ్వు భయపడతావని. నువ్వది చదివి నవ్వలేదు, భయపడలేదు, బస్సెక్కి రాలేదు. పోయి నలభై మందికి చెప్పావు. పేరు చెప్పలేదంటావు. పేరు చెబితే బాధ లేకపోవునేమో. పేరైనా ఉండేది నాకు అక్కడ.

సారమ్మ వంగి మార్తమ్మను అడిగిందని రాశావు. చదివి సంతోషించాను, ఆ మాట అబద్ధం కాదు. ఆ తర్వాత ఉత్తరం తిప్పి చూశాను. అడుగున ఎక్కడన్నా, "నువ్వు తిన్నావా అక్కా?" అని ఉంటుందని. లేదు. కార్డు మీద నేను తిన్నానని నేనే రాశాను. అది కూడా నీకు అర్థం కాలేదు. నాకు సంతోషమైందనుకున్నావు.

ఇప్పుడు ఇంకా రాసి పంపమంటున్నావు. మీ బావ పోయాక నేను పడ్డవి ప్రసంగాలకు సరిపోయేన్ని ఉన్నాయి. జాకెట్టు కొలతలు ఇచ్చినట్టు ఒక్కొక్కటి రాసి పంపాలా?

ప్రతి ఆదివారం అందరినీ అడుగుతున్నావట, ఎవరి అరుపు తక్కువైందని. ఆ మాట నీకు ఇచ్చింది నేను. నాది తక్కువైందని నీకు తెలియలేదు. నీ మందలో నేను లేను కాబట్టి అనుకుంటాను.

నేను ఇంక రాయను.

సువార్తమ్మ

—

నాచారం
26 ఆగస్టు 1989

అక్కా,

నీ ఉత్తరం చదివాను. క్షమించమని అడుగుతున్నాను. కానీ ఒక్కటి ఆలోచించు. నేను నీ పరువు తీయాలని చెప్పలేదు. ఒకరి బాధ పదిమందికి ఆదరణ కావడం కూడా దేవుని పనే. గోధుమగింజ భూమిలో పడితేనే కదా పంట. నీ ఒక్క మాటతో ఎన్ని ఇళ్లు ఒక్కటయ్యాయో నువ్వు చూడలేదు. చూస్తే ఇట్లా అనవు. నీ పేరు ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. దయచేసి రాయి.

ఆశీర్వాదం

—

నాచారం
23 సెప్టెంబరు 1989

అక్కా,

నాలుగు వారాలైంది. పోస్టుమాన్ మా సందులోకి రాగానే లేచి నిలబడుతున్నాను. నాకు ఉత్తరం లేదని అతనికి కూడా ఇప్పుడు మొహమాటంగా ఉంది, అవతలి పక్క నుంచి పోతున్నాడు. పోయిన ఉత్తరంలో నేను రాసింది మళ్లీ తలుచుకున్నాను. గోధుమగింజ అని రాశాను. ప్రసంగం చేశాను నీకు. సిగ్గుగా ఉంది.

ఒక్క కార్డు రాయి. తిట్టినా సరే.

ఆశీర్వాదం

—

జనగామ, నీ గడప మీద
15 అక్టోబరు 1989, ఆదివారం

అక్కా,

ఈ కాగితం నీ తలుపు కింది నుంచి లోపలికి తోస్తాను. తాళం వేసి ఉంది. పొద్దున తొమ్మిదింటికి వచ్చాను, ఇప్పుడు మూడవుతోంది.

మొదట నువ్వు గుడికి పోయావనుకున్నాను. గుడికి పోయి చూశాను. వెనక బల్ల ఖాళీగా ఉంది. ఆరాధన అయ్యాక తలుపు దగ్గర నిలబడి ఇద్దరు ముగ్గురిని అడిగాను, సువార్తమ్మ రాలేదా అని. ఏ సువార్తమ్మ అన్నారు. ఇవాళ తేదీ అప్పుడు గుర్తొచ్చింది నాకు. నువ్వు జూన్‌లోనే రాశావు. సమాధుల తోటకు పోయాను. బావ సమాధి మీద గడ్డి కోసి ఉంది, ఈ వారమే కోసినట్టుంది. నువ్వు లేవు.

ఆదివారం ఒంటిపూట పనేనట, మధ్యాహ్నం అన్నానికి శంకరమ్మ వచ్చింది. "తెల్లారకముందె సంచి వట్టుకొని పోయింది. ఏడికో చెప్పలే. ఇంతకు నువ్వెవలు?" అంది. తమ్మున్ని అన్నాను. నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "ఆమెకు తమ్ముడున్నడా? నేను రెండేండ్ల సంది పక్కనె ఉంటున్న. ఒక్కనాడన్న నిన్ను సూడలే" అంది. తాళంచెవి ఆమె దగ్గరే ఉందట. నాకివ్వలేదు. ఆమెను తప్పు పట్టను, నేనైనా ఇవ్వను. ఎవరో ఒకడు వచ్చి తమ్మున్నంటే నమ్మడానికి నా దగ్గర రుజువు ఏముంది?

నేనెందుకు వచ్చానో చెప్పాలి. పోయిన ఆదివారం ఎప్పటిలాగే అడిగాను, ఎవల అరుపు తక్కువైందని. అందరూ ఉన్నారు, ఎవరూ తక్కువ కాలేదు. మార్తమ్మ లేచి నిలబడింది. "నువ్వు మమ్ముల రోజూ అడుగుతవు సార్. నిన్ను ఎవలడగాలె? నీకెవలదన్న తక్కువైందా?" అంది. అబద్ధం చెప్పి దీవెన ఇచ్చేద్దామనుకున్నాను. చేత కాలేదు. "మా అక్కది" అన్నాను. మొత్తం చెప్పాను. తిన్నవా అని తననే అడిగే ఆమె మా అక్కేనని, జనగామలో ఉంటుందని, అడగకుండానే ఆమె బాధను తెచ్చి మీ ముందు పెట్టానని, రెండేళ్లుగా ఆమెను చూడలేదని.

ఇంక నన్ను ఉండనివ్వరనుకున్నాను. ఉప్పలయ్యే ముందుగా నోరు తెరిచాడు. "జనగామ ఏమన్న సముద్రం అవుతల ఉన్నదా సార్? మా బస్సెక్కితె రెండున్నర గంటలు" అన్నాడు. మార్తమ్మ, "వచ్చే ఆదివారం నువ్వు ఈడ కనవడొద్దు. పాటలు మా పౌలు చెప్తడు. ప్రార్థన మేం చేసుకుంటం. నువ్వు మీ అక్క తాన్కి పో" అంది. ఆదివారం వదలలేనని నీకు రాశాను. ఆ ఆదివారాన్ని వాళ్లే విడిపించి నా చేతిలో పెట్టారు.

ఇట్లా గడప మీద ఒక్కరే కూర్చుంటే పొద్దు ఎంతకీ పోదని నీకు తెలుసు, నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఇందాక ఎవరూ లేనప్పుడు, "తిన్నవా అక్కా?" అని నీ తలుపును అడిగాను. జవాబు రాలేదు. నేను చెప్పలేకపోయాను. నువ్వు రెండేళ్లు ఎట్లా చెప్పుకున్నావు?

ఆఖరి బస్సు దాకా ఉంటాను.

తమ్ముడు

—

నాచారం, మార్తమ్మ ఇల్లు
15 అక్టోబరు 1989, ఆదివారం మూడు గంటలు

తమ్ముడూ,

ఈ కాగితం ఉప్పలయ్య చేతికి ఇస్తున్నాను. నాలుగింటి బస్సు డ్యూటీ అతనిదే, జనగామలో దిగి మా ఇంటికి వచ్చి నీకిచ్చి పోతానన్నాడు. నువ్వు అక్కడే ఉంటావని నాకు తెలుసు. మొండిఘటానివి.

ఇవాళ మీ బావ పోయిన రోజు కదా, ఆ గదిలో కూర్చోలేననిపించింది. నీ సంఘాన్ని చూడాలనిపించింది. నిన్ను కాదు, నీ సంఘాన్ని. నువ్వు రాసినవి నిజమో, ఉత్తరంలో కూడా ప్రసంగమే చేశావో తేల్చుకుందామని మొదటి బస్సెక్కాను. ఎవరికీ చెప్పకుండా వెనక కూర్చుని, నువ్వు చూసేలోపు వచ్చేద్దామనుకున్నాను. భువనగిరి దగ్గర మన బస్సులు ఎదురెదురుగా పోయి ఉంటాయి.

ఉప్పల్‌లో దిగి అడుగుతూ వచ్చాను. షెడ్డు తలుపు దగ్గర చెప్పులు విడుస్తుంటే ఒకామె, "ఏ ఊరమ్మా మీది?" అంది. నేను చెప్పేలోపే, "ముందుగాల చెప్పు, పొద్దున ఏమన్న తిన్నవా?" అంది. సారమ్మ అట ఆమె పేరు. రెండేళ్లుగా ఆ ప్రశ్నకు నా జవాబు నా నోట్లో తయారుగా ఉంటుంది. వేరేవాళ్లు అడిగేసరికి మరిచిపోయాను. తల ఊపాను. ఆమె నమ్మలేదు, పోయి చాయ్, రెండు బిస్కెట్లు తెచ్చింది. ఫ్యాక్టరీలో విరిగినవి ఇస్తారట.

పౌలు బాగా పాడతాడు, జర శ్రుతి తప్పుతాడు అంతే. ప్రసంగం లేదు. ప్రసంగం చేసేవాడు లేడు. మార్తమ్మ లేచి, "ఇయ్యాల ఎవల అరుపు తక్కువైంది?" అని అడిగింది. "సార్ ది!" అని షెడ్డంతా ఒక్కసారి అరిచి నవ్వింది. "ఏడికి పోయిండు?" అంటే, "వాళ్లక్క తాన్కి" అన్నారు. "దొరుకుతదా ఆమె?" అని ఎవరో అడిగారు. అందరూ మోకాళ్ల మీద పడి, ఆమె తలుపు తీయాలని, నిన్ను లోపలికి రానివ్వాలని ప్రార్థన చేశారు. నా పేరు పెట్టి చేశారు. నేను వాళ్ల మధ్యే ఉన్నాను. ఎవరూ నన్ను చూడటం లేదు కాబట్టి కళ్లు తుడుచుకోలేదు.

నా సంచిలో పిడికెడు బియ్యం తెచ్చాను. రెండు నెలలుగా జనగామ గుడికి తీసుకుపోలేదు, పక్కన పెట్టినవన్నీ అట్లాగే ఉన్నాయి. వాళ్లవాటితో కలిపి వండారు. నువ్వు రాసినట్టే సగం మెత్తగా, సగం పలుకుగా ఉంది. నలభై మందితో కూర్చుని తిన్నాను. తిన్నాక మార్తమ్మ చేయి కడుక్కుంటూ, "నీకెవలున్నరమ్మా?" అని అడిగింది. తమ్ముడున్నాడని చెప్పాను. "ఏడుంటడు?" అంది. "ఇయ్యాల మా ఇంటి గడప మీద ఉంటడు" అన్నాను. చెంబు కింద పడేసి ఆమె నన్ను పట్టుకున్న తీరు రాయడం నా వల్ల కాదు.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాయను, నువ్వు మళ్లీ దాన్ని ప్రసంగం చేస్తావు. కానీ ఒక మాట ఒప్పుకుంటాను. నువ్వు వీళ్లకు నా బాధ చెప్పావు, వీళ్లు దాన్ని ముచ్చటగా దాచుకోలేదు, పనిలో పెట్టారు. నాయిన ఉంటే నిన్ను ముందు తిట్టి, తర్వాత పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

ఇవాళ వీళ్లు నన్ను పోనివ్వరు. పొద్దున మొదటి బస్సుకు వస్తాను. ఈ కాగితంతో పాటు ఖాళీ సంచి పంపుతున్నాను. నా ఆకుపచ్చ చీర అంచుతో కుట్టింది. శంకరమ్మకు చదువు రాదు గానీ ఆ అంచు గుర్తుపడుతుంది, చూపిస్తే తాళంచెవి ఇస్తుంది. డబ్బాలో బియ్యం ఉన్నాయి, మామిడికాయ తొక్కు ఉంది. వండుకొని తిను. ఎసట్లో పోసే ముందు పిడికెడు తియ్యి.

ఒక్క పూట నా గదిలో ఒక్కడివే ఉండి చూడు. పొద్దున నా అడుగుల చప్పుడు వినగానే లేచి తలుపు తియ్యి. గడప అవతల నేను నిలబడతాను, లోపల నువ్వు నిలబడు. నువ్వే అడగాలి, నేను చెబుతాను. ఇన్నాళ్లూ ఇద్దరి మాటలూ ఒక్కదాన్నే చెప్పుకొని అలిసిపోయానురా.

నీ అక్క
సువార్తమ్మ